లేని సీటుకు వచ్చిన ఉత్తరం

రెండువేల ఆరు జూలైలో కాలేజీ చైర్మన్ సింగపూర్ వెళ్లి వచ్చాడు. వచ్చీ రాగానే అడ్మిషన్ల ఆఫీసులో ఉన్న నలుగురినీ పిలిచి, ఇకమీదట మన దగ్గర సీటు దొరికిన ప్రతి విద్యార్థికీ ఈమెయిల్ వెళ్లాలని చెప్పాడు. పోస్టులో కాగితం ముక్క పంపే రోజులు పోయాయన్నాడు. మొయినాబాద్ దాటాక రోడ్డుకు రెండు పక్కలా అప్పటికే వరుసగా ఇంజనీరింగ్ కాలేజీలు లేచి ఉన్నాయి. ఒకరు ఏసీ బస్సు పెడితే ఇంకొకరు గేటు ముందు ఫౌంటెన్ పెట్టేవారు. మన చైర్మన్‌గారికి ఈమెయిల్ తట్టింది.

చిక్కేమిటంటే, వచ్చే పిల్లల్లో సగానికి సగం మందికి ఈమెయిలే లేదు. షాబాద్ నుంచీ పరిగి నుంచీ తండ్రుల వెంట వచ్చిన పిల్లలు ఆ మాట విని బిక్కమొహం వేసేవారు. అందుకని ఆఫీసువాళ్లే వాళ్ల పేరున ఐడీ తెరిచి, పాస్‌వర్డు చీటీ మీద రాసిచ్చి, ఆ ఐడీకి మెయిల్ పంపి, అదే మెయిల్‌ను మళ్లీ ప్రింటు తీసి తండ్రి చేతిలో పెట్టేవారు. తండ్రులు ఆ కాగితాన్ని రెండు చేతులతో పుచ్చుకునేవారు. కొందరు కళ్లకద్దుకునేవారు.

ఈ పనంతా చేసేది ఎస్తేరు.

ఎస్తేరుకు ఇరవై నాలుగేళ్లు. ఊరు చేవెళ్ల పక్కన ముడిమ్యాల. తండ్రి స్వామిదాసు గులాబీ తోటలో పనిచేస్తాడు, ఊరి చర్చిలో సంఘ పెద్ద. తల్లి శాంతమ్మ కర్ర సాయంతో నడుస్తుంది. ఎస్తేరు రోజూ పొద్దున ఏడింటికి చేవెళ్ల చౌరస్తాలో కాలేజీ బస్సెక్కి, విద్యార్థులు నిండిన సీట్ల మధ్య డ్రైవరు వెనక సీటులో కూర్చుని వచ్చేది. మూడేళ్లుగా అక్కడే డేటా ఎంట్రీ ఉద్యోగం. చూసేవాళ్లకు ఆ ఉద్యోగం ఆమెకు సరిగ్గా సరిపోయినట్టే ఉండేది. తక్కువ మాట్లాడేది, తప్పు టైపు చేసేది కాదు.

ఆమెకున్న ఒకే ఒక వింత అలవాటు ఎవరూ గమనించలేదు. ఎలక్ట్రానిక్స్ డిపార్టుమెంటుకు ఫైలు తీసుకెళ్లాలంటే మెట్లెక్కితే రెండు నిమిషాలు. ఎస్తేరు మాత్రం కింది వరండాలోంచి చుట్టు తిరిగి వెళ్లేది. ఆ వరండాలో మొదటి సంవత్సరం తరగతులు జరుగుతాయి. కిటికీలు తెరిచే ఉంటాయి. ఒక రోజు లెక్కల లెక్చరర్ బోర్డు నిండా ఏదో సాధిస్తూ నాలుగో వరుసలో మైనస్ గుర్తు మరిచిపోయాడు. పిల్లలు అలాగే ఎక్కించుకుంటున్నారు. ఎస్తేరు ఫైలు గుండెకు పట్టుకుని, ఆయన ఎప్పుడు చూసుకుంటాడా అని కిటికీ పక్కన నిలబడిపోయింది. చివరికి జవాబు రాక ఆయన వెనక్కి వెళ్లి వెతుక్కుని, మైనస్ పెట్టుకున్నాకే ఆమె కదిలింది. ఆ రోజంతా ఆమెకు అన్నం రుచించలేదు.

ఆరేళ్ల కింద ఎస్తేరు ఇంటర్ పాసైంది. లెక్కల్లో రెండో సంవత్సరం నూట యాభైకి నూట నలభై నాలుగు. ఎంసెట్‌లో ర్యాంకు కూడా వచ్చింది, కౌన్సెలింగ్ తేదీ పేపర్లో పడింది. ఆ వారంలోనే శాంతమ్మ కూలీలను ఎక్కించుకుపోయే ట్రాలీ మీదనుంచి పడి తుంటి విరగ్గొట్టుకుంది. పట్నంలో పెద్ద దవాఖానలో నలభై రోజులు. పక్కన ఉండటానికి ఎస్తేరు తప్ప ఎవరూ లేరు. కౌన్సెలింగ్ తేదీ వచ్చింది, పోయింది. మరుసటి ఏడాది స్వామిదాసు మళ్లీ రాస్తావా అని అడిగాడు. అప్పటికీ శాంతమ్మ మంచం మీదే ఉంది. ఎస్తేరు తల్లికి జావ తాగిస్తూ, తల తిప్పకుండానే, లెక్కలంటే తనకు విసుగొచ్చిందని చెప్పింది. స్వామిదాసు ఇంకోమాట అడగలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో చదువు మాట రాలేదు.

ఆఫీసులో ఎస్తేరు పక్క కుర్చీ నీలవేణిది. చేవెళ్ల పిల్ల, ఎస్తేరుకన్నా రెండేళ్లు చిన్న. ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పి నవ్విస్తూ ఉంటుంది. మెయిళ్లు మొదలైన రెండో వారంలో ఒక మధ్యాహ్నం వానకు జనం రాలేదు. డబ్బాలు తెరిచి తింటూ నీలవేణికి ఒక ఆలోచన వచ్చింది. ఈ కంప్యూటరుకు మనిషెవరో తెలియదు, జాబితాలో ఏ పేరు పెడితే ఆ పేరుకే ఉత్తరం తయారు చేస్తుంది, అలాంటప్పుడు మనకు నచ్చినవాళ్ల పేర్లు పెడితే ఎలా ఉంటుందని అడిగింది.

మొదట ఆమెకు దొరికింది ఆఫీసు పెద్ద సంగయ్య సార్. తాలూకా ఆఫీసులో ముప్పై ఏళ్లు చేసి రిటైరై వచ్చిన మనిషి. పెన్సిల్ ముక్క కూడా సంతకం పెట్టించుకోనిదే ఇవ్వడు. ఆయనకు సివిల్‌లో మొదటి సంవత్సరం సీటు ఇచ్చినట్టు, సీనియర్లు అడిగినప్పుడు డ్యాన్సు చేయవలెనని ఉత్తరంలో షరతు పెట్టినట్టు నీలవేణి చదివి వినిపించింది. ఆయన ఆ మెయిల్ చూసుకుని కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసుకుంటాడని, తర్వాత ఫీజు మినహాయింపు కోసం అర్జీ పెట్టుకుంటాడని ఇద్దరూ ఊహించుకున్నారు. ఎస్తేరుకు నవ్వి నవ్వి పొలమారింది. తర్వాత క్యాంటీను మల్లప్పకు కెమికల్ ఇంజనీరింగ్ ఇచ్చారు, సాంబారు చేసే చేయి కాబట్టి. గేటు దగ్గరి వాచ్‌మన్‌కు ఐటీ ఇచ్చారు. ఒక్కటీ పంపలేదు. అనుకోవడంలోనే వాళ్ల సరదా అంతా తీరిపోయింది.

చివరికి నీలవేణి కీబోర్డు ముందుకు లాక్కుని, ఎస్తేరు పేరు టైపు చేసింది.

“అక్కా, నీకు ఏ బ్రాంచి?”

“ఎలక్ట్రానిక్స్,” అంది ఎస్తేరు.

అడిగిన మరుక్షణమే అంది. ఆలోచించలేదు, నవ్వలేదు. ఆ మాట ఎన్నో ఏళ్లుగా నోటి దగ్గరే కూర్చుని ఉన్నట్టు బయటపడింది. నీలవేణి వేళ్లు కీబోర్డు మీద ఒక్క క్షణం ఆగాయి. ఎస్తేరు డబ్బా మూత పెట్టి, చేయి కడుక్కోవడానికి బయటికి వెళ్లిపోయింది.

నీలవేణి ఆ సాయంత్రం వెళ్తూ వెళ్తూ ఆ మెయిల్‌ను నిజంగానే పంపేసింది. అక్క పొద్దున్నే చూసుకుని నవ్వుతుందనుకుంది, అంతే.

మరునాడు పొద్దున ఎస్తేరు మెయిల్ తెరిచింది. రోజుకు నలభై చొప్పున తానే పంపుతున్న ఉత్తరం అది. ఒక్కో వాక్యం ఆమెకు కంఠతా వచ్చు. అయినా పైన తన పేరు కనిపించేసరికి ఒక్క ఊపిరి కాలం నమ్మేసింది. అభినందనలు, మీకు ఎలక్ట్రానిక్స్‌లో సీటు ఇవ్వడానికి సంతోషిస్తున్నాం, పది రోజుల్లోగా ఒరిజినల్ సర్టిఫికెట్లతో హాజరు కాగలరు, లేకపోతే సీటు రద్దవుతుంది. కింద ప్రిన్సిపాల్ సంతకం. సంతకం ఉత్తరం నమూనాలోనే స్కాన్ చేసి ఉంటుంది, ఎవరి పేరు మారినా అది కింద వచ్చి కూర్చుంటుంది. అదీ ఆమెకు తెలుసు. ఆ ఒక్క ఊపిరిలో ఆమె కిటికీ పక్కన మూడో బెంచీలో కూర్చుంది, కొత్త నోటుబుక్కు తెరిచింది, తారీఖు వేసింది. తర్వాత ఫ్యాను చప్పుడు వినిపించింది. వెనకనుంచి నీలవేణి చూసినవా అక్కా అని అడుగుతోంది. ఎస్తేరు నవ్వింది. బాగుందని చెప్పింది.

మధ్యాహ్నం నీలవేణి క్యాంటీనుకు వెళ్లినప్పుడు ఎస్తేరు దాన్ని ప్రింటు తీసింది. రంగుల్లో తీసింది, కాలేజీ ముద్ర నీలంగా పడాలని. ఇంటికి తెచ్చి, తన పదో తరగతి మెమో, ఇంటర్ మెమో దాచుకున్న ప్లాస్టిక్ కవరులో పెట్టింది. ఎందుకు పెట్టావంటే ఆమె చెప్పలేకపోయేది. పారేయడానికి చేతులు రాలేదు, అంతే. ఆ వారం రెండు మూడుసార్లు, వంట అయ్యాక, ఎవరూ చూడనప్పుడు తీసి చదువుకుంది.

ఆ ఇంట్లో కాగితాలన్నిటికీ ఆ ఒక్క కవరే ఉంది. రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదు, శాంతమ్మ ఎక్స్‌రే చీటీలు అన్నీ అందులోనే. తర్వాతి వారం మండలాఫీసులో ఏదో పనిపడి స్వామిదాసు ఆ కవరు విప్పాడు. రసీదు కోసం వెతుకుతుంటే నీలం ముద్ర ఉన్న కొత్త కాగితం చేతికి వచ్చింది.

స్వామిదాసుకు ఇంగ్లీషు అంతంతమాత్రం. మందు డబ్బాల మీద పేర్లు కూడబలుక్కుని చదువుతాడు. కూతురి పేరు మాత్రం చదవగలిగాడు. దాని కింద ఉన్న పెద్ద అక్షరాల మాటను మూడుసార్లు చదివాడు. అది కంగ్రాచులేషన్స్ అని తెలిశాక మండలాఫీసు పని వదిలేసి, ఊళ్లో బడిపంతులు కృపాకర్ దగ్గరికి వెళ్లాడు. కృపాకర్ అంతా తెలుగులో చెప్పాడు, అక్కడే పనిచేస్తోంది కాబట్టి కాలేజీవాళ్లే తమ సీట్లలో ఒకటి ఇచ్చి ఉంటారన్నాడు. ఇంత మంచి సంగతి ఎస్తేరు ఎందుకు చెప్పలేదని ఆయనే ఆశ్చర్యపోయాడు. తారీఖు చూసి, గడువు ఇంక ఒక్క రోజే ఉందన్నాడు.

స్వామిదాసు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గులాబీ తోట గట్టు మీద చాలాసేపు కూర్చున్నాడని తర్వాత తెలిసింది. సీటు వచ్చింది, పిల్ల చెప్పలేదు. గడువు దాటిపోనిస్తున్నది. ఎందుకు? ఇంటికోసం. ఈ లెక్క తేలగానే ఆయనకు దాని వెనకున్న ఇంకో లెక్క కూడా తేలింది. ఐదేళ్ల కింద జావ గిన్నె పట్టుకుని తల తిప్పకుండా చెప్పిన మాట గుర్తొచ్చింది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మరునాడు ఎస్తేరు బస్సెక్కి వెళ్లాక స్నానం చేసి, ఆరాధనకు వేసుకునే తెల్ల చొక్కా తొడుక్కుని, కవరు చంకలో పెట్టుకుని బయలుదేరాడు.

ఆ రోజు కౌంటర్ల ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. ఎస్తేరు తల వంచుకుని సర్టిఫికెట్లు సరిచూస్తోంది. వరుసలో తర్వాతి మనిషి కవరు కౌంటరు మీద పెట్టి, మట్టి గీతలు వదలని వేళ్లతో ఒక్కో కాగితం తీసి పేర్చడం మొదలుపెట్టాడు. ఆ చేతులు చూసి ఎస్తేరు తలెత్తింది.

“బాపూ, నువ్వేంది ఈడ?”

“సీటు కోసమొచ్చిన బిడ్డా,” అన్నాడు స్వామిదాసు. కూతురితో చెబుతున్నట్టు కాక, ఆఫీసుతో చెబుతున్నట్టు మర్యాదగా అన్నాడు. “ఇయ్యాల ఆఖరి రోజంట గదా. ఒరిజినల్స్ అన్ని తెచ్చిన.”

పైన ఉంది ఆ ఉత్తరమే. నాలుగు మడతలు పడి ఉంది. పక్క కౌంటరులో నీలవేణి ఒక్కసారి చూసి, చేతిలో స్టాంపు పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండిపోయింది. ఎస్తేరు గొంతు తగ్గించి, ఇంటికి పో బాపూ, సాయంత్రం చెప్తా అంది. స్వామిదాసు కదల్లేదు. సాయంత్రానికి గడువు పోతుందన్నాడు. వెనకున్నవాళ్లు తొందరపెట్టసాగారు. ఆలస్యమెందుకని సంగయ్య సార్ గదిలోంచి బయటికి వచ్చాడు. వచ్చి, మొదట ముసలాయన్ను చూశాడు, తర్వాత ఉత్తరాన్ని తీసుకున్నాడు, పేరు చదివాడు, చివరికి ఎస్తేరును చూశాడు.

ఆయన ముగ్గురినీ తన గదిలోకి రమ్మంటే, స్వామిదాసు కాగితాలన్నీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. గది చిన్నది. నలుగురూ నిలబడితే ఇరుకైపోయింది. తలుపు వేసి సంగయ్య సార్ ఇదెవరి పనని అడిగాడు. నాదేనని ఎస్తేరు అంది. పంపింది తనేనని, అక్క కనీసం పంపమని కూడా అనలేదని, తమాషాకు చేశానని నీలవేణి ఏడుస్తూ చెప్పింది. ప్రింటు తీసి ఇంటికి పట్టుకెళ్లింది తనేనని ఎస్తేరు మళ్లీ అంది. సంగయ్య సార్ గొంతు పెంచలేదు. ప్రిన్సిపాల్ సంతకంతో దొంగ ఉత్తరమంటే పోలీసు స్టేషనుదాకా పోయే సంగతని, ఇదే కాగితం పట్టుకుని రేపు ఇంకెవరైనా వస్తే కాలేజీ ఏమవుతుందో తెలుసా అని అడిగాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు.

స్వామిదాసుకు ఇదంతా అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూస్తూ నిలబడ్డాడు. చివరికి ఎస్తేరే ఆయన వైపు తిరిగింది.

“సీటు లేదు బాపూ. అది ఉత్తుత్తిది. నవ్వులాటకు చేసినం.”

“నవ్వులాటనా?”

“ఆఁ.”

“మరి దాచిపెట్టుకున్నవెందుకు?”

సంగయ్య సార్ ఉత్తరాన్ని రెండుగా చింపబోయాడు. స్వామిదాసు చేయి అడ్డం పెట్టాడు.

“సార్, చింపకుండ్రి. తప్పు చేసిన్రు, శిక్ష ఏది ఏస్తె అది ఏయుండ్రి. నేను కాదన. గని ఒక్క మాట. లేని సీటుకు ఉత్తరం రాపిచ్చుకోని, మెమోల నడుమ పెట్టుకోని దాసుకుంటదా సార్ ఎవలన్న? దాని మనసుల ఎంత ఉంటె దాసుకున్నది? నాకు ఇయ్యాల్టిదాంక తెల్వదు.”

సంగయ్య సార్ చూపు బల్ల మీద పడ్డ ఇంటర్ మెమో మీదికి పోయింది. కళ్లద్దాలు సర్దుకుని మార్కులు చూశాడు. చూసి, దాన్ని జాగ్రత్తగా కవరులో పెట్టి స్వామిదాసుకు ఇచ్చాడు. ఉత్తరం మాత్రం ఇవ్వలేదు. అది ఎవరి చేతిలో ఉన్నా ప్రమాదమేనని చెప్పి, చింపకుండానే డ్రాయరులో పెట్టి తాళం వేశాడు. ప్రిన్సిపాల్‌కు తాను చెప్పుకుంటానన్నాడు. రేపటినుంచి నీలవేణి స్టోర్సులో, ఎస్తేరు బస్సుల సెక్షన్‌లో పనిచేయాలని, కంప్యూటరు ముట్టుకోవద్దని చెప్పి, ఈ పూటకు నాన్నను తీసుకుని ఇంటికి వెళ్లమన్నాడు. అంతకంటే తక్కువలో వదలడం ఆయన వల్ల అయ్యే పని కాదు. అంతకంటే ఎక్కువ శిక్ష వేయడానికి ఆయనకు మనసు రాలేదు.

తండ్రీ కూతుళ్లు రోడ్డు మీదికి వచ్చి చేవెళ్ల బస్సు కోసం నిలబడ్డారు. మబ్బు పట్టి ఉంది. గండిపేట వైపునుంచి కార్లు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి, తోటల బేరానికి వచ్చే పట్నంవాళ్లవి. ఎదురుగా పొలంలో రాళ్లు పాతి, ప్లాట్లని బోర్డు పెట్టారు. స్వామిదాసు ఆ బోర్డునే చూస్తూ అన్నాడు.

“లెక్కలంటె ఇసుగొచ్చిందన్నవ్ గద.”

“అన్న.”

“అబద్ధమా?”

“అబద్ధమే బాపూ.”

ఒక బస్సు వచ్చింది, చెయ్యెత్తితే ఆగకుండా పోయింది.

“నాకు అప్పుడు జర అనుమానం రావాల్సుండె,” అన్నాడు చివరికి. “పొద్దుగూకులు దీపం ముంగట లెక్కలు చేసే పిల్లకు ఇసుగెట్ల వస్తదని. రాలే. నమ్మిన. నమ్ముడే నాకు సులువైంది బిడ్డా.”

ఎస్తేరు ఆరేళ్లలో ఎవరి ముందూ ఏడవలేదు. ఇప్పుడు రోడ్డు పక్కన, కాలేజీ పిల్లలు అటూ ఇటూ పోతుండగా, చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. స్వామిదాసు ఊరుకోమని చెప్పలేదు. కవరు తడవకుండా చొక్కా లోపల పెట్టుకుని, వాన మొదలైతే ఆమె వైపు ఒక అడుగు జరిగి నిలబడ్డాడు.

ఇంట్లో సంగతంతా శాంతమ్మకు చెప్పక తప్పలేదు. ఆమె వింటున్నంతసేపూ కర్రను అరచేతిలో తిప్పుతూ కూర్చుంది. తన తుంటి విరగకపోతే అని మొదలుపెట్టబోతే ఎస్తేరు ఆ మాట అననివ్వలేదు. ఆ మాటకు భయపడే ఇన్నేళ్లూ ఈ సంగతి ఎత్తలేదని అంది. శాంతమ్మ తల ఊపింది. తెల్లారి లేచి, ఎవరూ చెప్పకుండానే, అటక మీది పాత డబ్బా దించమని భర్తతో చెప్పి, అందులోని ఇంటర్ లెక్కల పుస్తకాలు తుడిచి ఎండలో పెట్టింది. అట్టలు చెదలు తిన్నాయి. లోపలి పేజీలు బాగానే ఉన్నాయి.

కృపాకర్ సార్ చెప్పిందేమిటంటే, ఇంజనీరింగ్ ఇప్పుడు కుదిరే పని కాకపోవచ్చు గానీ ఓపెన్ యూనివర్సిటీలో లెక్కలతో డిగ్రీ చేయవచ్చు, చేవెళ్లలోనే క్లాసులు జరుగుతాయి. కాకపోతే క్లాసులు ఆదివారం పొద్దున. స్వామిదాసు సంఘ పెద్ద, ఆయన ఇంటి పిల్ల ఆదివారం ఆరాధన మానడమంటే ఊళ్లో నలుగురూ నాలుగు రకాలుగా అంటారు. పాస్టరుగారు కూడా ఒక మాట అన్నారు. మాటలేవో తనతో అనమని, పిల్లను అడగవద్దని స్వామిదాసు ఆయనకు చెప్పి వచ్చాడు. అప్లికేషన్ మీద తండ్రి సంతకం అవసరం లేదని కృపాకర్ అంటున్నా, పెట్టడానికి ఎక్కడన్నా జాగా ఉందేమో చూడమన్నాడు.

సెప్టెంబరులో మొదటి ఆదివారం. చేవెళ్లలో క్లాసులు జరిగే కాలేజీ గదిలో ముప్పై మందిదాకా ఉన్నారు. ప్రమోషన్ కోసం వచ్చిన బస్సు కండక్టరు ఒకాయన, అంగన్‌వాడీ టీచర్లు ఇద్దరు, పసిబిడ్డను తల్లికి అప్పజెప్పి వచ్చిన అంతమ్మ అనే ఆమె, ముడిమ్యాలవాడే అయిన కరెంటు లైన్‌మన్ బాలమల్లు. అందరూ పనులు చేసుకుని అలసిన మొహాలు. ఎస్తేరు మూడో బెంచీలో కూర్చుంది. నోటుబుక్కు తెరిచి తారీఖు వేసింది.

తనకు తానే ఒప్పుకోవలసిన నిజం ఒకటి ఆమెకు అక్కడ తెలిసింది. తాను కోరుకున్నది ఇది కాదు. తాను కోరుకున్నది పద్దెనిమిదేళ్ల వయసులో, కొత్త చెప్పులతో, హాస్టల్ తాళంచెవి పుస్తకాల సంచిలో వేసుకుని వెళ్లే రోజు. ఆ రోజు ఎక్కడో ఆగిపోయింది, దాన్ని ఎవరూ ఇప్పుడు తెచ్చి ఇవ్వలేరు. జూలై వచ్చినప్పుడల్లా బస్సు పాసుల కోసం వరుస కట్టే కొత్త పిల్లలను చూస్తే ఆమెకు ఇకముందు కూడా ఆ రోజే గుర్తొస్తూ ఉంటుంది.

లెక్చరర్ వచ్చి, పరిచయాలు లేకుండా నేరుగా బోర్డు మీద రాయడం మొదలుపెట్టాడు. పాత విషయమే, ఇంటర్‌లో ఆమె నిద్రలో అడిగినా చెప్పేది. అయినా రెండో వరుస దాటాక దారి తప్పిపోయింది. వేళ్లు కలం పట్టుకుని ఊరికే ఉన్నాయి. మూడేళ్లూ కిటికీ బయట నిలబడి ఇదంతా తనకు వచ్చనే అనుకుంది. పక్కన బాలమల్లు ఏమీ అర్థం కాక కలం చెవి వెనక పెట్టుకున్నాడు. గదిలో అందరూ తలలు వంచుకుని బోర్డు మీది అక్షరాలను బొమ్మల్లాగా దించుకుంటున్నారు.

ఎస్తేరు చెయ్యెత్తింది.

“సార్, రెండో లైన్ కాడ సమజ్ కాలే. మొదటికెళ్లి ఒకసారి చెప్తరా?”

లెక్చరర్ వెనక్కి తిరిగి చూశాడు. ఇంకెవరికైనా అర్థం కాలేదా అని అడిగాడు. ఒక్కొక్కటిగా పదిహేను చేతులు లేచాయి.